వానను వద్దన్న రోజు

మా గిద్దలూరు వైపు వాతావరణం బాగాలేదంటే ఎండ మండిపోతోందని అర్థం. టీవీలో అమ్మాయి గొడుగు బొమ్మ చూపించి, భారీ వర్షాలు, ఎవరూ బయటికి రావద్దు అని చెబుతుంటే మా అంగడిలో కూర్చున్న రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. చినుకు పడితే మా వీధిలో ఎవరూ ఇంట్లోకి పరిగెత్తరు. ఇంట్లో ఉన్నవాళ్ళే బయటికొచ్చి నిలబడతారు. వానను విసుక్కోకూడదు, వద్దనకూడదు, మబ్బును చూసి వెనక్కి తిరగకూడదు. ఇవి ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన మాటలు కావు. నాకు పెళ్ళైన కొత్తలో, ఆరేసిన చీరలు తడిసిపోతున్నాయని నేను 'పాడు వాన' అన్నందుకు మా అత్త వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మేము కొండలెక్కడం మొదలుపెట్టింది భక్తితో కాదు, షుగరుతో. మా ఆయనకు షుగరు వచ్చిందని తేలినప్పుడు డాక్టరు రోజూ నడవమన్నాడు. స్టీలు సామాన్ల అంగడిలో పొద్దస్తమానం గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషికి నడకంటే అంగడి నుంచి ఇంటికి పోవడం, అదీ స్కూటరు మీద. కాలేజీ గ్రౌండులో నడవమని పంపిస్తే టీ బంకు దాకా నడిచి అక్కడే ఆగిపోయేవాడు. అందుకని నేనూ వెంటపడ్డాను. పోయి చూస్తే అక్కడ తిరిగేవాళ్ళంతా మా బాపతే. ఒకరికి బీపీ, ఒకరికి మోకాళ్ళు, ఒకరికి ఇంట్లో కోడలితో పడక. అందరం గుండ్రంగా తిరిగి తిరిగి విసిగిపోయాం. ఒకరోజు ఎవరో నల్లమల వైపు చెయ్యి చూపించి, ఈ గానుగ తిరుగుడు మానేసి అటు పోదామన్నారు. ఊళ్ళో ఎక్కడ నిలబడినా కనపడే కొండలు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కదాన్నీ ఎక్కినవాళ్ళం కాదు.

అప్పటినుంచి రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి పోయేవాళ్ళం. శనివారం మధ్యాహ్నం అంగళ్ళు పిల్లలకు అప్పగించి, బస్సులోనో ఆటోల్లోనో కొండకింద ఏదో ఒక పల్లె చేరేవాళ్ళం. రాత్రికి అక్కడి సత్రంలో పడుకుని ఆదివారం తెల్లవారగానే ఎక్కడం, సాయంత్రానికి దిగి ఇల్లు చేరడం. పెద్ద అడవిలోకి ఫారెస్టు వాళ్ళు పోనివ్వరు. పోనిచ్చినా మేము పోము, పులి ఉంది. అంచున ఉన్న కొండలు, ఒక్కోదానిమీద ఒక్కో చిన్న గుడి, అంతవరకే మా ప్రతాపం. ఒకసారి యర్రగొండపాలెం దాకా కూడా పోయి వచ్చాం. వారం రోజులు అదే చెప్పుకున్నాం.

ఈ గుంపుకు పెద్ద, బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. అందరికీ మామే. ఎప్పుడూ ముందు నడిచేవాడు. ఆయన ఆగితే ఆగాలి, కదిలితే కదలాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళను బస్సు మిస్సయిన వాళ్ళలాగే చూసేవాడు. ఫోటో స్టూడియో నడిపే తమ్ముడొకడు ఉండేవాడు, మాలో అందరికంటే వయసులో ఉన్నవాడు. ఇక వదిన.

వదిన అని నేను పిలిచేది, ఆమె కూడా నన్ను వదినా అనే పిలిచేది. కొమరోలు దగ్గర పల్లె వాళ్ళది. పిల్లల చదువుకోసం గిద్దలూరులో గది తీసుకుని ఒక హాస్టల్లో వంట చేసేది. మొగుడు ఊళ్ళోనే ఉండి మూడెకరాల కంది చూసుకునేవాడు. బోరు ఎప్పుడో ఎండిపోయింది, పైనుంచి పడితేనే పంట. హాస్టలు గ్రౌండు పక్కనే కావడంతో, పొద్దున వంట ముగించుకుని మాతో పాటు నాలుగు చుట్లు తిరిగేది. ఆమెకు షుగరూ లేదు, బీపీ లేదు. మరెందుకమ్మా నీకీ నడక అంటే, పొయ్యి ముందు నిలబడీ నిలబడీ ఒళ్ళంతా పొగ, కొంచెం గాలి తగలనియ్యండి అనేది. చర్చికి పోయే మనిషి. ఆదివారం పూట కొండకు ఎట్లా వస్తావని మామ వేళాకోళం చేస్తే, కొండమీద నుంచి పిలిస్తే ప్రభువుకు ఇంకా దగ్గర కదా అని నవ్వేది. మేము గుడిలోకి పోతే ఆమె మెట్ల దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకునేది.

మొదటిసారి ఆమె కొండకు వచ్చినప్పుడు పులిహోర చేసి తెచ్చింది. డబ్బా మూత తీసి అందరి ముందూ పెట్టింది. మాలో కొందరికి అప్పుడే కడుపు నిండిపోయింది. ఒకామెకు ఒక్కపొద్దు గుర్తొచ్చింది. నేను ఏం చేయాలో తెలియక నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. మా ఆయన విస్తరాకు తీసుకుని పోయి ఆమె ముందు కూర్చున్నాడు. తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు, వేరుశనగలు ఇంకొంచెం వేగాలి చెల్లెమ్మా అని వంక కూడా పెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. మా వైపు అందరూ అందరినీ అన్నా, మామా అనే పిలుస్తారు, అది నోటి అలవాటు. కానీ ఆ రోజు నుంచి ఆమె మా ఆయనను అన్నా అన్నప్పుడు అది అలవాటుగా అన్నట్టు ఉండేది కాదు.

ఆ యేడు తొలకరికి అందరూ విత్తనం వేశారు. తర్వాత వాన మొహం చాటేసింది. శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది. వదిన వాళ్ళ కంది మోకాటి ఎత్తుకు పెరిగి అక్కడే ఆగిపోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆకు వాలిపోయి, రాత్రి చల్లదనానికి మళ్ళీ లేచేదట. రోజూ సాయంత్రం మొగుడు ఫోన్ చేస్తే ఆమె అడిగే మొదటి మాట మబ్బేమన్నా పట్టిందా అని. అంతకుముందు యేడూ పంట పోయింది. ఈసారి కూడా పోతే పిల్లలను చదువు మాన్పించి, మొగుడూ పెళ్ళాం పనికోసం గుంటూరు వైపు పోవాలి. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. నడుస్తూ నడుస్తూ, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నంత మామూలుగా చెప్పింది.

అప్పుడే మామ ఒక మాట అన్నాడు. వెనకటికి వానలు లేనప్పుడు పెద్దవాళ్ళు ఒక్కపొద్దుండి కొండెక్కి, సామికి బెల్లం, అరటిపళ్ళు, కొబ్బరికాయ పెట్టి వచ్చేవాళ్ళు, ఈసారి మనమూ వానకోసమే ఎక్కుదాం అన్నాడు. ఆ నైవేద్యం మోసేవాడికి ఒక పద్ధతి ఉంది. స్నానం చేసి సంచి భుజానికి వేసుకున్నాక సామి ముందు పెట్టేదాకా నేలమీద దించకూడదు, దానిలోది నోట పెట్టకూడదు. మా ఆయన నేను మోస్తానన్నాడు. నా చెల్లెలి చేనుకు వాన పడాలి, నేనే మోస్తానన్నాడు. వదిన నవ్వి, మీరు మీ సామిని అడగండి, నేను మా ప్రభువును అడుగుతాను, ఎవరు ముందిస్తే వాళ్ళకే పేరు అంది.

షుగరు ఉన్నవాళ్ళకు ఒక్కపొద్దు లేదని మామ ముందే చెప్పాడు. నేనూ ఇంట్లో గట్టిగానే చెప్పాను. మా ఆయన అన్నిటికీ తల ఊపాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. అది నోరున్న మొండివాడికి. తల ఊపే మొండివాడి ముందు రాజేం చేస్తాడు, పెళ్ళామేం చేస్తుంది?

శనివారం మేము కొండకింద పల్లెలో దిగేసరికే తూర్పున మబ్బు పట్టింది. సత్రం అరుగుమీద కూర్చుని అందరం దాన్నే చూస్తున్నాం. స్టూడియో తమ్ముడు ఫోన్ తీసి, బంగాళాఖాతంలో వాయుగుండం, రేపు ప్రకాశం జిల్లాలో భారీ నుంచి అతి భారీ వర్షాలు అని చదివాడు. మేము చప్పట్లు కొట్టాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఆ మాట వింటే కొండెక్కబోయే మనుషులు సర్దుకుని ఇళ్ళకు పోతారు. మేము ఆ వార్తను ఇంకోసారి చదివించుకుని విన్నాం. మొక్కు మొదలుపెట్టకముందే సామి విన్నాడని మామ మీసం తిప్పాడు. ఒకామె తెచ్చుకున్న గొడుగును కూడా సత్రంలోనే పెట్టించాడు. వాన అడగడానికి పోతూ గొడుగు పట్టుకుపోతారా ఎవరైనా అన్నాడు. అదీ నిజమే అనుకున్నాం.

పొద్దున బయల్దేరేసరికి సన్న తుంపర. మా ఆయన స్నానం చేసి, ఎప్పటిలాగే షుగరు ఇంజక్షన్ వేసుకున్నాడు. నైవేద్యం పెట్టిన పచ్చ సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఏమన్నా తిన్నారా అని అడిగితే బంకు దగ్గర ఇడ్లీ తిన్నానన్నాడు. మామ, తనూ ముందు నడిచారు. మా ఆడవాళ్ళం తిండి సంచులతో వెనక. తడిసిన మట్టి వాసన, చెట్లమీద దుమ్మంతా కడుక్కుపోయి ఆకుల అసలు రంగు కనపడుతుంటే, అందరం చిన్నపిల్లల్లా చేతులు చాచి నడిచాం. వదిన చెప్పులు చేతిలో పట్టుకుని వట్టి కాళ్ళతో నడిచింది. కొమరోలు దిక్కు కూడా నల్లగా ఉందని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంది.

కొండ మొదట్లో ఒక వాగు అడ్డం వస్తుంది. యేడాదిలో ఎక్కువ నెలలు గులకరాళ్ళు తప్ప ఏమీ ఉండవు. మామ, మా ఆయన దాటేటప్పుడు చీలమండ దాకా నీళ్ళున్నాయట. మాలో ఒకామె చెప్పు తెగితే దానికి పిన్నీసు పెట్టుకుంటూ మేము వెనక ఆగాం. ఆ కాసేపట్లోనే వాన జోరందుకుంది. పైన కొండల్లో అంతకుముందు నుంచే కురుస్తున్నట్టుంది. ముందు చప్పుడు వినపడింది, లారీ ఏదో వస్తోందనుకున్నాను. మేము వాగు చేరేసరికి ఎర్రనీళ్ళు చెట్ల వేర్లు తన్నుకుంటూ, కొమ్మలు దొర్లించుకుంటూ పోతున్నాయి. అవతలి ఒడ్డున మామ, మా ఆయన. మధ్యలో అరిస్తే వినపడీ వినపడనంత వెడల్పు.

మొదట ఎవరికీ భయం వేయలేదు. ఎంత నీళ్ళో చూడు అని సంబరపడ్డాం. తమ్ముడు ఫోటోలు కూడా తీశాడు. అవతల నుంచి మామ రెండు చేతులూ పైకెత్తి దండం పెడుతున్నట్టు ఊపాడు. కొండవాగు ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది, కాసేపు ఆగుదామని ఒక చింతచెట్టు కింద చేరాం.

అప్పుడు చూశాను. మా ఆయన ఒక బండమీద కూర్చుని తువాలుతో విసురుకుంటున్నాడు. అంత వానలో, చలికి మా పళ్ళు టకటకలాడుతుంటే, ఆయన చొక్కా గుండీలు విప్పుకుని మొహానికి గాలి విసురుకుంటున్నాడు.

అంతకుముందు యేడు అంగడిలో ఒకసారి అట్లాగే ఫ్యాన్ కింద చెమటలు పట్టి, బిందె అడిగినవాళ్ళకు గరిటె ఇచ్చి, మాట ముద్దగా వస్తుంటే నేను నోట్లో చక్కెర పోశాను. షుగరు ఎక్కువైతే నెమ్మదిగా చంపుతుంది, తక్కువైతే చూస్తుండగానే తీసుకుపోతుందని అప్పుడు డాక్టరు చెప్పాడు. ఒడ్డుకు పరిగెత్తి మామను కేకేశాను. ఏం తిన్నాడని అడిగాను. రెండు మూడుసార్లు అరిస్తే గానీ జవాబు రాలేదు.

"ఏం తినలా అమ్మా. ఒక్కపొద్దంట. ఇప్పుడు చెప్పినాడు."

ఇంజక్షన్ వేసుకుని ఒక్కపొద్దున్నాడు. డాక్టరు మాట తప్పలేదు, సామి మాటా తప్పలేదు. రెండూ సక్రమంగా చేశాడు. ఆయన భుజాన వేలాడే సంచిలో అచ్చు బెల్లం ఉంది, పన్నెండు అరటిపళ్ళున్నాయి. తీసి తినమని అరిచాను. గొంతు పగిలేలా అరిచాను. ఆయన నా వైపు చూశాడు. విన్నాడు, నాకు తెలుసు. సంచిని ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులూ దానిమీద పెట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మామ దగ్గరికి పోయి సంచి మీద చెయ్యి వేస్తే విదిలించి కొట్టాడు. ఏనాడూ ఎవరిమీదా చెయ్యెత్తి ఎరగని మనిషి. తక్కువైనప్పుడు మనిషికి తెలివి అలాగే తిరగబడుతుందట. మామ మళ్ళీ పోయాడు, మళ్ళీ తోశాడు. మామ డెబ్బై దాటిన మనిషి. పైగా అది సామి సరుకు. మామ చెయ్యి ముందుకు పోతోంది, వెనక్కి వస్తోంది. నేను ఇవతల నిలబడి ఆ చెయ్యినే చూస్తున్నాను.

మా దగ్గర సంచుల నిండా తిండి. చక్కెర, లడ్లు, బిస్కట్లు. తమ్ముడు లడ్లు కవరులో కట్టి, రాయి పెట్టి విసిరాడు. నీళ్ళలో పడింది. ఇంకోటి, ఇంకోటి. ఒకటి అవతలి ఒడ్డున తుమ్మకొమ్మకు తగులుకుని, ఎవరికీ అందకుండా నీళ్ళమీదకు వేలాడింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. తమ్ముడు తాడు కోసం, మనుషుల కోసం పల్లెకు పరిగెత్తాడు. నేను నీళ్ళలోకి దిగితే మొదటి అడుగుకే కాలు లాగేసింది. ఇద్దరు ఆడవాళ్ళు పైట పట్టుకుని వెనక్కి ఈడ్చారు. వాళ్ళలో వదిన ఒకరు. ఆ తర్వాత ఆమె నా చెయ్యి వదల్లేదు.

మా ఆయన బండమీద నుంచి పక్కకు ఒరిగాడు. ఒరిగినా సంచి నేలకు తగలకుండా పొట్టమీద పెట్టుకుని ఉన్నాడు.

పైన వాన తగ్గడం లేదు. వాగు పెరుగుతూనే ఉంది. నాకు కొండమీది సామి గుర్తు రాలేదు, మా ఇంటి దేవుడు గుర్తు రాలేదు. నోట్లో నుంచి ఒకే మాట వచ్చింది.

"ఈ వాన నాశనంగాను. ఈ మబ్బు పాడుగాను. ఆగి చావదేంది?"

ఒకామె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అంత తప్పు మాట. ఆ మాట అన్నాక నాకు తెలిసింది, నా చెయ్యి ఎవరి చేతిలో ఉందో. ఎవరి చేను కోసం మేము అక్కడికి వచ్చామో. తిరిగి చూడాలంటే భయం వేసింది.

వదిన నా చెయ్యి వదిలింది. కోపం వచ్చిందనుకున్నాను, రావాలి కూడా. ఆమె పైట తలమీదికి లాక్కుంది. నా పక్కనే బురదలో మోకాళ్ళమీద కూర్చుంది. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకి చాచింది. పెదాలు కాసేపు కదిలాయి, మాట రాలేదు. ఆ మాట రావడానికి ఆమెకు ఎంత కష్టమైందో పక్కనున్న నాకే తెలుసు. జూన్ నెల నుంచి రోజూ పొద్దునా రాత్రీ అడుగుతున్నదానికి అడ్డం తిరిగి అడగాలి.

"ప్రభువా, ఈ వాన ఆపు తండ్రీ. మాకొద్దు. మా అన్నను బతికించు."

మాకొద్దు అనడం నేను విన్నాను. వాన చప్పుడులో మిగతావాళ్ళెవరూ వినలేదు.

ఆమె ప్రార్థనకే ఆగిందని నేను చెప్పను, ఆగలేదని చెప్పడానికీ నాకు నోరు రాదు. వాన సన్నగిల్లింది. గాలి తిరిగింది. కొంతసేపటికి చెట్లమీద నుంచి కారే నీళ్ళు తప్ప పైనుంచి చుక్క పడటం మానేసింది. నేను ఒడ్డున ఒక రాయికి గుర్తు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను, నీళ్ళు అక్కడి నుంచి దిగుతాయా లేదా అని. అంతసేపూ అవతల ఆయన కదలడం లేదు. మామ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, సామి సంచి మాత్రం తెరవలేక, ఊపిరి ఉందని చెప్పడానికి మాటిమాటికీ చెయ్యి పైకెత్తి చూపిస్తున్నాడు. చెయ్యి లేవడం ఆలస్యమైతే నా ప్రాణం పోయేది. రాయి అడుగు బయటపడింది. నీళ్ళు తొడల దాకా దిగేసరికి తమ్ముడు, పల్లె మనుషులిద్దరు తాడుతో వచ్చారు. నన్ను ఆగమన్నారు, నేను ఆగలేదు. వదిన కూడా ఆగలేదు.

ఆయన కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నన్ను చూడటం లేదు. నేను ఆ సంచి లాగి నేలమీద కుమ్మరించాను. బెల్లం రాతిమీద కొట్టి, నలిపి, చెంప లోపల, చిగుళ్ళ మీద రుద్దాను. వదిన తల పట్టుకుంది. మామ మొహం అటు తిప్పుకున్నాడు. ఇంకొంచెం, ఇంకొంచెం. నోట్లో నుంచి బెల్లం నీళ్ళు చొంగలా కారుతున్నాయి. ఎంతసేపైందో తెలియదు, నాలుక కదిలింది. తర్వాత మింగాడు. తర్వాత నన్ను గుర్తుపట్టి, కిందపడి ఉన్న అరటిపళ్ళు చూసి, ఏడ్చాడు. ఎందుకు తీశావని ఏడ్చాడు. నాకు ఆయనను కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చేయలేక అక్కడే కూర్చుండిపోయాను.

ఆ రోజు మేము కొండెక్కలేదు. ఆయనను మంచంమీద మోసుకుని పల్లెకు, అక్కడి నుంచి గిద్దలూరు ఆస్పత్రికి తీసుకుపోయాం. మూడో రోజుకు ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం వదిన మొగుడు ఫోన్ చేసినప్పుడు ఆమె ఆస్పత్రి వరండాలో నా పక్కనే ఉంది. మబ్బేమన్నా పట్టిందా అని ఆమె అడగలేదు. అతనే చెప్పాడు, పక్కనున్న నాకూ వినపడింది. పొద్దున ఊరి పొలిమేర దాకా వచ్చిందంట, ఉరిమిందంట, ఊళ్ళో వాళ్ళంతా చేలల్లోకి పోయి నిలబడినారంట. నాలుగు చినుకులు పడి, గాలి తిరిగి, అట్లనే పక్కకు పోయిందంట. దుమ్ము కూడా అణగలేదంట. ఆమె సరేలే అని ఫోన్ పెట్టేసింది. నా వైపు చూడలేదు. నేనూ చూడలేకపోయాను.

ఆ యేడు మళ్ళీ వాన పడలేదు. కంది పూత దశకు రాకుండానే ఎండింది, గొర్రెలకు వదిలారు. గ్రౌండులో తిరిగేవాళ్ళు తలా ఒక మాట అన్నారు. నైవేద్యం ఎంగిలైంది, మొక్కు సగంలో ఆగింది, అందుకే సామికి కోపం వచ్చింది అన్నారు. మామ అనలేదు గానీ కాదనలేదు. ఆ మాటలు వదిన ముందే అనేవాళ్ళు. ఆమె వింటూ నడిచేది. అసలు సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మా ఆయనకు నేను చెప్పలేదు. ఎన్నోసార్లు చెప్పబోయాను. చెబితే ఆ మనిషి మిగిలిన బతుకంతా ఎట్లా మోస్తాడని ఆగిపోయాను. ఏమిచ్చినా తీరేది కాదని తెలిసీ, నేను ఆమె పిల్లల గురించి, బియ్యం గురించి ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని. అన్నీ ఉన్నాయి వదినా అనేది. పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగి, ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం గుంటూరు వైపు పనికి పోవడం ఖాయమైపోయింది.

మా ఆయన ఒళ్ళు కుదుటపడగానే మళ్ళీ కొండ మాట ఎత్తాడు. మొక్కు అట్లా వదిలేయకూడదు, నా చెల్లెలి చేను నావల్లే పోయింది, వచ్చే తొలకరికి ముందే పోయి తీర్చుకుని వద్దామని రోజూ అనేవాడు. ఒక పొద్దున గ్రౌండులో ఆ మాటే వదినతో కూడా అన్నాడు. ఆమె నవ్వింది. చూద్దాంలే అన్నా అంది. ఆయన ముందుకు పోయాక నా చెయ్యి పట్టుకుని ఆపింది. అంతకాలానికి ఆ రోజు సంగతి మొదటిసారి ఎత్తింది. గొంతులో కోపం లేదు.

"వదినా, అన్నను ఇంక కొండకు తీసుకురావద్దు. వాన వద్దని ప్రభువును ఒకసారి అడిగినాను. మళ్ళీ అట్లాంటి దినం వస్తే అడుగుతానో లేదో నాకే తెలీదు."